అడవికి పేరు రాసేముందు ఏం లెక్కపెట్టారు?

(కడపలో ఫారెస్టు క్షేత్ర సిబ్బందికీ, వృక్షశాస్త్రం చదివే విద్యార్థులకూ ఇచ్చిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును మార్చలేదు.)

అందరికీ నమస్కారం.

సిద్ధవటంలో పెన్నేటి ఒడ్డున నిలబడితే ఒకపక్క లంకమల, ఇంకోపక్క పాలకొండలు. ఆ కొండల మీద ఏ అడవి ఉందని ఊళ్లో ఎవరినడిగినా జవాబు ఒకటే: ఎర్రచందనం అడవి. పేపర్లలో అదే, కేసు డైరీల్లో అదే, మన రిజిస్టర్లలో కూడా చాలావరకు అదే. ఈ పూట మాట్లాడుకునేది ఆ పేరు గురించే. అది తప్పని చెప్పడానికి నేను రాలేదు. ఆ పేరు రాసినవాళ్లు ఏం లెక్కపెట్టి రాశారో పక్కన రాయకపోతే ఎన్ని చిక్కులొస్తాయో చెప్పడానికి వచ్చాను.

ముందు పుస్తకం సంగతి. మన దేశంలో అడవుల రకాలకు ఇప్పటికీ ఆధారం ఛాంపియన్, సేథ్ అనే అటవీ శాస్త్రవేత్తలు ఇద్దరూ కలిసి 1968లో సవరించిన వర్గీకరణ. మొదటి రూపం ఛాంపియన్ 1936లో చేసింది. దేశం మొత్తాన్ని 16 రకాల గుంపులుగా విడగొట్టారు. మన జిల్లాల్లో ముఖ్యంగా పని పడేది రెండు గుంపులతో. 5వ గుంపు అంటే ఎండాకాలంలో ఆకు రాల్చే పొడి అడవి. 6వ గుంపు అంటే ముళ్ల అడవి. కోడ్ చూసి భయపడక్కర్లేదు. '5ఏ/సీ2' అని ఉందనుకోండి. 5 అంటే ఆకురాల్చే పొడి అడవుల గుంపు, ఏ అంటే దక్షిణాదిది, సీ అంటే ఆ వానకూ ఆ వేడికీ అక్కడ చివరికి నిలబడే అడవి, 2 అంటే వరుస నంబరు. ఇదే మన ఎర్రచందనం అడవి. సీ ఉండాల్సిన చోట ఈ అని ఉంటే నేల స్వభావం వల్ల ఏర్పడిందని. 5/ఈ2 అందుగు అడవి, 5/ఈ4 నారేపి అడవి. డీఎస్ అని ఉంటే నరికి, మేపి, కాల్చి దిగజారిన దశ అని. 5/డీఎస్1 అంటే అట్లా పొదలు మిగిలిన అడవి. నల్లమలలో టేకు ఉన్న భాగాలు 5ఏ/సీ1. అనంతపురం వైపు ముళ్ల అడవి 6ఏ/సీ1.

ఇక్కడొక చిన్న మాట దగ్గర ఆగుదాం. 5ఏ/సీ2కి వాళ్లు పెట్టిన పేరు 'ఎర్రచందనం అడవి' కాదు, 'ఎర్రచందనం గల పొడి అడవి'. ఈ 'గల' అన్న మాట తెలుగులో చక్కగా కుదురుతుంది. బావి గల ఇల్లు అంటే ఇల్లంతా బావి కాదు కదా! ఎర్రచందనం అక్కడ ఉంది, ఆ అడవిని పక్క అడవి నుంచి గుర్తుపట్టడానికి పనికొస్తుంది, అంతే. సగానికి పైగా మాన్లు అవేనని ఆ పేరు చెప్పడం లేదు. టేకు గల అడవి విషయంలోనూ ఇదే లెక్క. వాడకంలో ఈ 'గల' రాలిపోయింది. రాలిపోయిన ఆ రెండక్షరాల వల్లే సగం గందరగోళం.

ఇంకో సంగతి. ఛాంపియన్ వర్గీకరణ వాన, ఎండ, నేల, అడవి పైకి కనిపించే తీరు, ఇవన్నీ కలిపి పెట్టిన పేరు. ఈరోజు ఆ కంపార్ట్‌మెంటులో, అంటే పని కోసం అడవిని విడగొట్టిన ఆ ముక్కలో, ఏ చెట్టుది పైచేయి అన్నది వేరే ప్రశ్న. మొదటిది వందేళ్లయినా పెద్దగా మారదు. రెండోది ఒక్క దొంగ నరుకుడుతో, రెండు ఎండాకాలాల మంటలతో మారిపోతుంది. అందుకని రిజిస్టరులో ఇవి రెండూ రెండు గడులుగా ఉండాలి: అడవి రకం ఒకటి, ప్రధాన జాతి ఒకటి. ఒకే గడిలో రెండూ ఇరికిస్తే పదేళ్ల తర్వాత ఎవరికీ అర్థం కాదు. వర్కింగ్ ప్లాన్, అంటే అడవి నిర్వహణ ప్రణాళిక, మళ్లీ రాసేది పదేళ్లకు కాబట్టి, మీరు ఒకసారి రాసిన తప్పుకు ఆయుష్షు కూడా పదేళ్లే.

'ప్రధాన' అన్న మాటకూ రెండర్థాలున్నాయి, జాగ్రత్త. సిల్వికల్చర్, అంటే అడవి పెంపకం పాఠంలో డామినెంట్ అంటే పక్క చెట్లకన్నా తల పైకెత్తి నిలిచిన ఒక్కో మాను. మనం ఇప్పుడు అంటున్నది జాతి గురించి. ఒక ప్లాటులో, అంటే లెక్క కోసం కొలిచి గీసుకున్న చోట, అన్నిటికన్నా ఎత్తయిన మాను తపసి కావచ్చు, అయినంత మాత్రాన అది తపసి అడవి అయిపోదు.

సరే, పైచేయి ఎట్లా కొలవాలి? దారులు మూడు. ఒకటి, మాన్లు ఎన్నో లెక్కపెట్టడం. రెండు, ఛాతీ ఎత్తులో మానును అడ్డంగా కోస్తే కనిపించే ముఖం వైశాల్యం కట్టడం, దీన్నే బేసల్ ఏరియా అంటాం. మూడు, ఆకుల గొడుగు నేల మీద ఎంత మేర కప్పిందో చూడడం. మూడూ సరైనవే. మూడూ మూడు జవాబులిస్తాయి. ఒక ఉదాహరణ బోర్డు మీద వేస్తాను. ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలు, ఏ కంపార్ట్‌మెంటువీ కావు.

ప్లాటు 0.1 హెక్టారు. 30 సెంటీమీటర్లు, ఆపైన చుట్టుకొలత ఉన్న మాన్లు మొత్తం 50. అందులో ఎర్రచందనం 22, ఒక్కోటి 40 సెంటీమీటర్ల లావు. చిరుమాను 9, ఒక్కోటి 75. నారేపి 3, ఒక్కోటి 110. బిల్లుడు 6, ఒక్కోటి 45. మిగతావి, అంటే గుంపెన, తునికి, మోరి లాంటివి కలిపి 10, ఒక్కోటి 50. ఒక్కో జాతిలో అన్నీ ఒకే లావని సులువు కోసం అనుకుందాం.

తల లెక్క చూస్తే ఎర్రచందనం 50లో 22, అంటే 44 శాతం. తర్వాతిది చిరుమాను, 18 శాతం. పేరు ఖాయం, ఎర్రచందనం అడవే. ఇప్పుడు బేసల్ ఏరియా కట్టండి. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి 12.57తో భాగించాలి. 40 సెంటీమీటర్ల ఎర్రచందనానికి 1600ను 12.57తో భాగిస్తే 127 చదరపు సెంటీమీటర్లు. 22 మాన్లకు 0.28 చదరపు మీటర్లు. చిరుమాను ఒక్కోటి 448, తొమ్మిదింటికి 0.40. నారేపి ఒక్కోటి 963, మూడింటికే 0.29. బిల్లుడు 0.10, మిగతావి 0.20. మొత్తం 1.27. ఇప్పుడు శాతాలు: చిరుమాను 32, నారేపి 23, ఎర్రచందనం 22. తల లెక్కలో మొదట నిలిచింది ఇక్కడ మూడో స్థానానికి దిగింది. మూడే మూడు నారేపి మాన్లు ఇరవై రెండు ఎర్రచందనం మాన్లను దాటేశాయి.

ఏది నిజం? రెండూ నిజమే. ఆ అడవిలో కలప, నీడ, వేర్లు పట్టిన నేల ఎవరిదని అడిగితే చిరుమానుది. రేపు ఎదిగే మాన్లు ఎవరివని అడిగితే ఎర్రచందనానివి. అందుకే పేరు పక్కన 'మాన్ల సంఖ్యను బట్టి' అనో, 'బేసల్ ఏరియాను బట్టి' అనో, 'చుట్టుకొలత 30 పైబడినవి' అనో రాయండి. ఆ కింది హద్దు కూడా చాలా ముఖ్యం. 30 బదులు 10 సెంటీమీటర్ల నుంచి లెక్కపెట్టారనుకోండి, నరికిన మోళ్ల నుంచి వచ్చిన ఎర్రచందనం పిలకలన్నీ లెక్కలోకి దూరతాయి. ఎర్రచందనం మోడు బాగా చిగురిస్తుంది, ఒక్క మోడు నుంచి గుత్తిగా పిలకలొస్తాయి. అంటే ఎక్కడ ఎక్కువ నరికారో అక్కడే ఎర్రచందనం శాతం ఎక్కువగా కనిపిస్తుంది. దొంగలు నరికిన కంపార్ట్‌మెంటు కాగితం మీద 'చక్కటి ఎర్రచందనం అడవి' అయి కూర్చుంటుంది. ఇంతకన్నా విచిత్రం ఉందా!

మామూలు అడవికి నేను బేసల్ ఏరియానే తీసుకోమంటాను. పరిశోధన పత్రాల్లో ఇంపార్టెన్స్ వాల్యూ అని ఒకటి కనిపిస్తుంది. జాతి సంఖ్య శాతం, ఎన్ని ప్లాట్లలో కనిపించిందన్న శాతం, బేసల్ ఏరియా శాతం, మూడూ కూడే లెక్క; అన్ని జాతులవీ కలిపితే 300 వస్తుంది. విద్యార్థులు నేర్చుకోవాల్సిందే. కానీ మూడు వేర్వేరు సంగతులను ఒక అంకెలో కలిపేస్తే, ఆ అంకె ఎందుకు పెరిగిందో ఎందుకు తగ్గిందో రేంజి ఆఫీసరుకు తెలియదు. నిర్వహణకు అది అంత పనికొచ్చే కొలత కాదని నా అభిప్రాయం.

ఇప్పుడు కొలతలో జరిగే పొరపాట్లు. ఇక్కడే కొంచెం నిదానంగా పోదాం.

ప్లాటు చతురస్రం, పక్క 31.62 మీటర్లు. నడుమ నుంచి మూలకు 22.36 మీటర్లు. నడిమి గుంజ పాతి నాలుగు మూలలకు టేపు లాగాలి. ఈ కొలత మ్యాపు మీద కొలత, కొండవాలు మీద కొలత కాదు. 20 డిగ్రీల వాలులో అదే మూలకు టేపు 23.80 మీటర్లు పోవాలి, 30 డిగ్రీలకు 25.82 మీటర్లు. పాలకొండల్లో వాలు సరిదిద్దకుండా 22.36 దగ్గరే ఆగిపోతే ప్లాటు చిన్నదవుతుంది, హెక్టారుకు మాన్లు తక్కువగా వస్తాయి. వాలులో ఉన్న కంపార్ట్‌మెంటు ఒట్టి పుణ్యానికి పలచటి అడవి అయిపోతుంది.

ఛాతీ ఎత్తు అంటే 1.37 మీటర్లు, పాత లెక్కలో నాలుగడుగుల ఆరంగుళాలు. మనుషుల ఎత్తు మారుతుంది కాబట్టి ఎవరి ఛాతీకి వాళ్లు కొలిస్తే లాభం లేదు. 1.37కు కోసిన కర్ర ఒకటి చేతిలో ఉండాలి. వాలులో మాను ఎగువ పక్క నిలబడి కర్ర ఆనించాలి. టేపు మానుకు అడ్డంగా, వంకర పోకుండా పట్టాలి. ఒరిగిన టేపు ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపించదు. మాను 1.37కు కిందే చీలితే రెండు మాన్లుగా, పైన చీలితే ఒకటిగా రాయాలి. గీత మీద పడిన మాన్లకు ముందే ఒక నియమం పెట్టుకోవాలి: ఫలానా రెండు పక్కల గీత మీదివి లోపలివి, మిగతా రెండు పక్కలవి బయటివి. అక్కడికి పోయాక నిర్ణయిస్తే లావు మాన్లన్నీ లోపలికి వచ్చేస్తాయి. మనిషి చేయి అట్లా పోతుంది మరి.

ఇక లెక్కలో ఒక తప్పు. సగటు చుట్టుకొలత కట్టి, దాని నుంచి బేసల్ ఏరియా తీయకూడదు. రెండు మాన్లున్నాయి, ఒకటి 30, ఇంకోటి 90. సగటు 60. 60కి బేసల్ ఏరియా 286, రెండింటికి 573 చదరపు సెంటీమీటర్లు. విడివిడిగా చేస్తే 72, 645, కలిపితే 716. ఇరవై శాతం ఎగిరిపోయింది. జాతిలో చిన్నా పెద్దా ఎంత కలగలిసి ఉంటే అంత నష్టం. ఇందాక బోర్డు మీద అన్నీ ఒకే లావు అనుకున్నాను కాబట్టి చెల్లింది, అడవిలో చెల్లదు. ఒక్కో మానుకూ విడిగా కట్టి, ఆ తర్వాత కూడాలి.

జాతి గుర్తింపులో పొరపాటు జరిగితే పై లెక్కలన్నీ దండగ. మన అడవి ఫిబ్రవరి నుంచి మే దాకా దాదాపు ఆకు లేకుండా ఉంటుంది. తిరగడానికి అదే వీలైన కాలం, గుర్తుపట్టడానికి అదే కష్టమైన కాలం. బెరడు చదవడం రావాలి. ఎర్రచందనం బెరడు నల్లగా, నిలువూ అడ్డం పగిలి, మొసలి చర్మంలా పలకలు పలకలుగా ఉంటుంది. చిరుమాను నున్నగా, బూడిద తెలుపు. అందుగు కాగితం పొరల్లా ఊడుతుంది. తపసి ఇంకా తెల్లగా, వెన్నెల్లో దెయ్యంలా నిలబడుతుంది. బిల్లుడు బెరడు బెండులా మెత్తన, లోపల పసుపు. కొండగోగుకు ఆకు లేని కాలంలోనే పసుపుపచ్చని పెద్ద పూలు, దూరం నుంచే తెలుస్తుంది.

చాలామంది గాటు పెట్టి ఎర్ర రసం వస్తే ఎర్రచందనం అని రాస్తారు. వేగిసకూ ఎర్ర రసమే వస్తుంది. రెండూ ఒకే ప్రజాతి, టెరోకార్పస్. కాయ కూడా ఇంచుమించు ఒకటే, చుట్టూ రెక్క ఉన్న బిళ్ల కాయ. తేడా ఆకులో ఉంది. ఎర్రచందనానికి సాధారణంగా మూడు రెబ్బలు, కొనన చిన్న నొక్కు. వేగిసకు ఐదు నుంచి ఏడు రెబ్బలు. చెట్టు కింద ఎండుటాకులు ఏరి చూడండి, గాటు పెట్టే పనే ఉండదు.

పేర్ల గొడవ ఇంకోటి. మన సీమలో వేపను 'యాప' అంటాం. హార్డ్‌విక్కియాను 'యేపి' అంటాం, నారేపి అనీ అంటాం. పలికేవాడు యేపి అన్నాడు, రాసేవాడు యాప అని విన్నాడు, కంప్యూటరులో ఎక్కించేవాడు వేప అని దిద్దాడు. కొండ మీద వేపతోపు పుట్టింది! నారేపికి రెబ్బలు రెండే, జంటగా సీతాకోకచిలుక రెక్కల్లా ఉంటాయి. ఒకసారి చూస్తే మర్చిపోరు. తుమ్మ అని ఒట్టిగా రాసినా అంతే. నల్లతుమ్మా, తెల్లతుమ్మా, సర్కారు తుమ్మా? మద్ది అంటే నల్లమద్దా, తెల్లమద్దా? అందుకే తెలుగు పేరుతో పాటు శాస్త్రనామం కోడ్ ఉండాలి. శాస్త్రనామాలూ మారుతుంటాయి. చిరుమానును అనోగీసస్ లాటిఫోలియా అని చదువుకున్నాం, ఇప్పుడు దాన్ని టెర్మినాలియాలో కలిపి టెర్మినాలియా అనోగీసియానా అంటున్నారు. పాత రికార్డులో ఒక పేరు, కొత్త దాంట్లో ఇంకో పేరు ఉంటే రెండు జాతులని లెక్కపెట్టొద్దు.

శాతం వచ్చింది, మరి ఏ శాతానికి ఏ పేరు? వాడుకలో ఉన్న గీతలు కొన్ని ఉన్నాయి. ఒకే జాతి 80 శాతం, ఆపైన ఉంటే శుద్ధ అడవి. మన కొండల్లో సహజంగా అట్లాంటివి అరుదు, తోటల్లో కనిపిస్తుంది. సగానికి పైన ఉంటే ఆ జాతి పేరు ధైర్యంగా పెట్టొచ్చు. సగానికి తక్కువైతే రెండు మూడు పేర్లు కలపాలి. అమెరికా అటవీ సంఘం పద్ధతిలో పేరులో చోటు దక్కాలంటే బేసల్ ఏరియాలో కనీసం 20 శాతం ఉండాలి. ఇది మనకు బాగా పనికొచ్చే నియమం. మన ఉదాహరణకు వాడితే పేరు 'చిరుమాను, నారేపి, ఎర్రచందనం అడవి' అవుతుంది. బిల్లుడుకు చోటు లేదు. పేరు పొడవైందని విసుక్కోకండి, అది అబద్ధం చెప్పడం లేదు.

అన్నిటికన్నా చెడ్డ పేరు 'మిశ్రమ' అన్నది. తీరిక లేనప్పుడు అందరం రాసేది అదే. ఒక డివిజనులో ముప్పాతిక భాగం మిశ్రమం అని ఉంటే ఆ వర్గీకరణ చేసినా ఒకటే, చేయకపోయినా ఒకటే. మిశ్రమం అని రాయాల్సి వస్తే కనీసం మొదటి మూడు జాతులు, వాటి శాతాలు పక్కన పడేయండి.

వెదురు ఈ లెక్కల్లో ఇమడదు. బొంగులకు బేసల్ ఏరియా కట్టి మాన్లతో కలపొద్దు. పొదలు ఎన్ని, పొదకు బొంగులెన్ని అని విడిగా రాయండి. వర్కింగ్ ప్లాన్‌లో కూడా వెదురు మిగతా వాటి మీద పరిచిన పొరలాగే ఉంటుంది.

అనంతపురం నుంచి వచ్చినవాళ్లు ఇందాకటి నుంచి నవ్వుకుంటున్నారు, మా దగ్గర 30 సెంటీమీటర్ల మానెక్కడ అని. నిజమే. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ వాన పడేచోట, చిగర, తెల్లతుమ్మ, బందారు, బొమ్మజెముడు, వెలితురు ఉన్న గుట్టలకు బేసల్ ఏరియా పనికిరాదు. అక్కడ గొడుగు కొలవండి. 50 మీటర్ల టేపు నేరుగా పరిచి, టేపు పైన ఏ పొద నీడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో రాసుకుంటూ పోవాలి. బందారు మొత్తం 14 మీటర్లు కప్పితే 28 శాతం. టేపులన్నీ ఒకే దిక్కుగా వేయొద్దు, కొన్ని వాలుకు అడ్డంగా, కొన్ని పైనుంచి కిందికీ వేయండి.

ప్లాట్లు ఎక్కడ వేయాలి? కంటికి నచ్చిన చోట కాదు. మ్యాపు మీద గళ్లు గీసి, గీతలు కలిసిన చోటికి జీపీఎస్ పట్టుకుని పోవాలి. అది బండ మీద పడితే బండే ప్లాటు, సున్నా మాన్లు అని రాయాలి. పక్కకు జరిపితే అడవి అబద్ధంగా దట్టమవుతుంది. పైగా ఎర్రచందనం గుంపులు గుంపులుగా ఉండే చెట్టు. నీరు నిలవని రాతి నేల, గులకరాతి వాలు దానికి ఇష్టం. ఒక వాలు నిండా ఉంటుంది, కనుమ దాటితే ఒక్కటీ ఉండదు. అట్లాంటి చోట నాలుగైదు ప్లాట్లతో తేల్చడం కుదరదు. ప్లాట్లు నాలుగింతలు చేస్తే తప్పు సగానికి తగ్గుతుంది, ఆ ఖర్చు ముందే లెక్క వేసుకోండి. కొండ శిఖరం మీది అందుగునూ, వంకలోని నేరేడు, మద్దినీ ఒకే సగటులో కలపొద్దు. కంపార్ట్‌మెంటును వాలు ప్రకారం ముక్కలు చేసి ముక్కకో పేరు పెట్టండి.

ఉపగ్రహం ఉండగా ఈ అవస్థంతా ఎందుకంటారు. అడవి ఎంత దట్టంగా ఉందో ఉపగ్రహం బాగా చెబుతుంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో 70 శాతం, ఆపైన గొడుగు ఉంటే చాలా దట్టం, 40 నుంచి 70 మధ్యస్థం, 10 నుంచి 40 పలచన, 10కి తక్కువైతే పొదలు. కానీ ఏ చెట్టో చెప్పడం కష్టం. మన ఉపగ్రహాల్లోని లిస్-3 కెమెరా చిత్రంలో ఒక చుక్క, అంటే పిక్సెల్, పక్క 23.5 మీటర్లు, అంటే దాదాపు 552 చదరపు మీటర్లు. మన ఉదాహరణ ప్లాటు లెక్కన ఒక్క చుక్కలో దాదాపు 28 మాన్లు పడతాయి, ఐదు జాతులూ అందులో కలిసిపోతాయి. ఐరోపా వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహం అయితే చుక్క పక్క 10 మీటర్లు, ఐదు మాన్లు. కొంచెం నయం, అయినా కలగలుపే. పనికొచ్చేది కాలం తేడా. ఒకే చోటు అక్టోబరులో, జనవరిలో, ఏప్రిల్‌లో ఎట్లా ఉందో వరుసగా చూస్తే, ముందు రాలేవీ తర్వాత రాలేవీ విడిపోతాయి. ఏప్రిల్‌లో కూడా పచ్చగా ఉన్నవి వంక అడవో, సర్కారు కంపో, కొండ కింద మామిడి తోటో అయివుంటాయి. ఒక్క ఏప్రిల్ చిత్రమే చూసి లంకమల పలచబడిందని రాస్తే అది ఆకు రాలిన సంగతి రాసినట్టే.

మామిడి తోట అన్నాను కాబట్టి నివేదికల సంగతి. ఫారెస్ట్ సర్వే వాళ్ల 'అటవీ కప్పు' అంటే ఒక హెక్టారు, ఆపైన ఉండి 10 శాతం గొడుగు ఉన్న ఏ చోటైనా. భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా. అందుకే కోడూరు మామిడి, పొలాల్లోని జామాయిల్ అందులోకి వస్తాయి. మీ డివిజను నోటిఫై అయిన విస్తీర్ణంతో అది సరిపోలకపోతే కంగారు పడొద్దు, రెండూ వేర్వేరు లెక్కలు. ప్రపంచ నివేదికకు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిర్వచనం ఇంకోటి: అర హెక్టారు, ఐదు మీటర్ల ఎత్తు, 10 శాతం గొడుగు. ఫలసాయం కోసం పెంచే తోటలు అందులోకి రావు. ఏ పట్టికకు ఏ నిర్వచనమో తలకట్టులో లేకపోతే ఆ పట్టికను ఇంకోదానితో పోల్చకండి.

ఎర్రచందనానికి ఈ పేరు గొడవ డబ్బుతో ముడిపడింది. అది 1995 నుంచి సైటిస్, అంటే ప్రమాదంలో ఉన్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం, రెండో అనుబంధంలో ఉంది. ఎగుమతి వల్ల అడవిలోని జాతికి హాని లేదని దేశం చూపించాలి. దానిమీద ఏళ్లపాటు సాగిన సమీక్ష నుంచి భారతదేశం బయటపడింది 2023 నవంబరులో. ఇట్లాంటి వాటికి అడవిలో సరుకెంత అన్న అంకె కావాలి. '5ఏ/సీ2 విస్తీర్ణం ఇన్ని హెక్టార్లు' అని తీసుకుని, బాగున్న ఒక ప్లాటులోని ఎర్రచందనంతో హెచ్చిస్తే ఏమవుతుందో ఇప్పుడు మీకు తెలుసు. 'గల' అన్న మాటను మింగేసి లెక్క కట్టినట్టే.

నిర్వహణకు వస్తే, పేరును బట్టే పని మారుతుంది. బేసల్ ఏరియాలో వెనకబడి, పిలకల్లో ముందున్న ఎర్రచందనం ఉంటే అక్కడి పని మోడుకు ఒకటో రెండో బలమైన పిలకలు ఉంచి మిగతావి తీయడం, మార్చిలోపు బోదగడ్డి తీసి మంట గీతలు వేయడం. కొత్తగా గుంతలు తవ్వి మొక్కలు పెట్టాల్సిన పనే లేదు. లావు నారేపి ఉన్న చోట కింద ఆ జాతి మొలకలున్నాయో లేవో చూడాలి, లేకపోతే ఆ 23 శాతం మూడు మాన్లతో పోతుంది.

'పొదలు' అన్న పేరే అన్నిటికన్నా ప్రమాదం. పొదలు అనగానే నాటేద్దాం అంటారు. లంకమల అంచున ఉన్న ముళ్లపొదల నేలలోనే 1986లో కలివికోడి అనే అరుదైన పక్షి మళ్లీ కనిపించింది. దానికి కావాల్సింది పలచటి పొదలూ, మధ్యలో ఖాళీ నేలా. దట్టంగా చెట్లు నాటితే దానికి ఇల్లుండదు. కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డిభూములూ అంతే, అక్కడ చెట్టు లేకపోవడం లోపం కాదు. అందుకే గొడుగు 10 శాతం లోపు ఉంటే ఇంకో గడి నింపండి: ఇది నరికి దిగజారిన పొదా, నేలా వానా బట్టి ఉన్న పొదా? మోళ్లు కనిపిస్తే మొదటిది. మోళ్లు లేవు, మట్టి జానెడు లేదు, ముళ్లజాతులే ఉన్నాయంటే రెండోది.

అడగాల్సినవి ఉంటే అడగండి.

(సభలోంచి ఒకరు: సార్, మా బీటులో ఊరి పక్క కంపార్ట్‌మెంటు మొత్తం సర్కారు కంప అల్లుకుంది. దానికి ఏ రకం రాయాలి?)

రెండు గడులు ఉండాలన్నది అందుకేనయ్యా. అడవి రకం గడిలో సర్కారు కంప రాయొద్దు, అది బయటి నుంచి వచ్చింది. పాత వర్కింగ్ ప్లాన్‌లో అక్కడ ఏముందో చూడు. ముళ్ల అడవి అని ఉంటే 6ఏ/సీ1 అలాగే ఉంచు. ప్రధాన జాతి గడిలో మాత్రం సర్కారు కంప అని, గొడుగు శాతంతో, తేదీతో రాయి. దానికి నేల దగ్గర్నుంచే ఏడెనిమిది కొమ్మలు లేస్తాయి. 1.37 దగ్గర ఒక్కోటీ ఒక్కో మానుగా లెక్కపెడితే తల లెక్క ఎక్కడికో పోతుంది. అందుకే దానికి టేపు పరిచే పద్ధతే వాడు. కంప కింద తెల్లతుమ్మ, చిగర, బలుసు మొలకలు ఉన్నాయా అని రెండు మీటర్ల చిన్న గళ్లు వేసి చూడు. ఉంటే కంప తీసిన తర్వాత వాటికి చోటొస్తుంది. లేకపోతే తీసిన చోట మళ్లీ కంపే వస్తుంది, మోడు వేరుతో సహా తీయకపోతే మొదటి వానకే.

(ఇంకొకరు: ఆకులు లేని కాలంలో గొడుగు శాతం ఎట్లా కొలవాలి సార్?)

కొలవొద్దమ్మా. మాన్ల చుట్టుకొలతలు అప్పుడు తీసుకోండి, గొడుగు కోసం సెప్టెంబరు, అక్టోబరుల్లో అదే ప్లాటుకు మళ్లీ పోండి. అందుకే నడిమి గుంజను రాయితో గట్టిగా పాతమన్నది. చేతి జీపీఎస్ ఒక్కదాన్ని నమ్ముకుంటే ఐదు పది మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, రెండోసారి మీరు కొలిచేది పక్క ప్లాటు అవుతుంది.